నీళ్ళ గొట్టం సాక్ష్యం

జర్మనీ దేశపు పోలీసులు ఒక స్త్రీ కోసం ఏళ్ళ తరబడి వెతికారు. ఆమె పేరేమిటో వాళ్ళకు తెలియదు. ఆమె ముఖం ఎవరూ చూడలేదు. కాని ఆమె జాడ మాత్రం ఎక్కడ చూస్తే అక్కడ ఉన్నది. 1993లో ఒక వృద్ధురాలిని ఎవరో చంపారు. ఆ ఇంట దొరికిన టీకప్పు మీద ఆమె జాడ ఉన్నది. మరొకచోట దొంగతనం జరిగింది. అక్కడ సగం కొరికి వదిలిన బిస్కెట్టు మీద ఆమె జాడ ఉన్నది. ఫ్రాన్సు దేశంలో దొంగలు వాడిన బొమ్మ పిస్తోలు మీద కూడా ఉన్నది. ఆస్ట్రియాలోనూ కనిపించింది. 2007లో హైల్‌బ్రోన్ అనే పట్నంలో పట్టపగలు ఒక పోలీసు ఉద్యోగినిని కాల్చి చంపారు. పాపం, ఆమెకు 22 ఏళ్ళు. ఆ పోలీసు కారులో కూడా అదే జాడ!

మొత్తం 40 నేరాల దాకా లెక్క తేలింది. పత్రికలవాళ్ళు ఆమెకు "ముఖం లేని స్త్రీ" అని పేరు పెట్టారు. ఆమె ఆచూకీ చెప్పినవారికి 3 లక్షల యూరోలు బహుమానం ఇస్తామని ప్రకటించారు. ఎవరూ రాలేదు.

ఇందులో ఒక వింత ఉన్నది. జర్మనీలో బవేరియా అనే రాష్ట్రం ఉన్నది. ఈ స్త్రీ ఆ చుట్టుపక్కల అంతటా తిరిగింది గాని, బవేరియాలో ఒక్క నేరం కూడా చెయ్యలేదు. ఎందుకని? మీరు ఆలోచిస్తూ ఉండండి. మనం కాస్త దూరం తిరిగి మళ్ళీ ఇక్కడికి వద్దాం. ఈలోగా ఆమెను మీరే పట్టుకున్నా పట్టుకోవచ్చు.

ముందు ఆ జాడ ఏమిటో తెలియాలి గదా. అది వేలిముద్ర కాదు, చెప్పుల గుర్తూ కాదు. మన శరీరం లెక్కలేనన్ని జీవకణాలతో కట్టిన ఇల్లు వంటిది. దాదాపు ప్రతి రకపు కణంలోనూ కేంద్రకం అనే చిన్న గది ఉంటుంది. ఆ గదిలో ఒక సన్నని దారం చుట్టలు చుట్టుకొని ఉంటుంది. ఆ దారం పేరే డి.ఎన్.ఏ. ఒక్క కణంలో ఉండే దారపు ముక్కలన్నిటినీ వరసగా పేరిస్తే సుమారు 2 మీటర్లవుతుంది. అంటే మీ నాన్నగారికంటే పొడుగు! అది ఇమిడి ఉన్న గది వెడల్పు మాత్రం మిల్లీమీటరులో నూరోవంతు కూడా ఉండదు. ఒకే పోలిక గల కవలలను మినహాయిస్తే, ఏ ఇద్దరి దారమూ అచ్చంగా ఒకటిగా ఉండదు. మాట్లాడేటప్పుడు పడే తుంపరలోనూ, గోక్కున్నప్పుడు రాలే చర్మపు పొట్టులోనూ ఈ దారం ఉంటుంది. మనం వెళ్ళిన చోటల్లా దాన్ని కాస్త కాస్త వదిలి వస్తూనే ఉంటాం.

ఇంత సన్నని వస్తువును మొట్టమొదట బయటికి తీసినవాడు ఫ్రీడ్రిష్ మీషెర్ అనే స్విట్జర్లండు యువకుడు. అతను వైద్యం చదువుకున్నాడు. కాని చిన్నతనంలో జబ్బు చేసి అతనికి వినికిడి తగ్గిపోయింది. రోగి గుండె చప్పుడు వినలేనివాడు వైద్యం ఎలా చేస్తాడు? అందుచేత అతను పరిశోధన చేద్దామనుకున్నాడు. 1868లో జర్మనీలోని ట్యూబింగెన్ పట్నం వెళ్ళి హొప్పె-జేలర్ అనే ఆచార్యుడి దగ్గర చేరాడు. ఆ ప్రయోగశాల ఎక్కడున్నదనుకున్నారు? పాతకాలపు కోటలో, ఒకప్పుడు వంటలు చేసిన గదిలో!

పరిశోధనకు జీవకణాలు కావాలి. దగ్గరలో ఆసుపత్రి ఉన్నది. అక్కడ రోగుల పుళ్ళకు కట్టి విప్పేసిన గుడ్డపట్టీలు రోజూ పారేసేవారు. చీము నిండా కణాలే గదా! మీషెర్ ఆ పట్టీలను తెప్పించుకుని, ఉప్పునీళ్ళతో చీము కడిగి తీసేవాడు. మీకు వాంతి వచ్చినట్టుంటుందేమో. అతనికీ ఆ వాసన బాగుండి ఉండదు. కాని పని మానలేదు. పంది కడుపులో ఊరే జీర్ణరసంతో కణాల పైభాగాన్ని కరిగించి, లోపలి కేంద్రకాలను వేరు చేశాడు. వాటి నుంచి 1869లో ఒక తెల్లని పదార్థం తీశాడు. మాంసకృత్తులను కరిగించే జీర్ణరసం దీన్ని కరిగించలేదు. పైగా ఇందులో భాస్వరం ఉన్నది. ఇది కొత్త పదార్థమని గ్రహించి, దానికి "న్యూక్లీన్" అని పేరు పెట్టాడు.

గురువుగారు ఈ సంగతి విని వెంటనే అచ్చు వేయించలేదు. శిష్యుడు చేసిన పనినంతా మొదటి నుంచీ తన చేతులతో తాను చేసి చూశాడు. అదే తెల్లని పదార్థం ఆయనకూ వచ్చింది. అప్పుడుగాని, అంటే 1871లోగాని, అది అచ్చు కాలేదు. మీషెర్ రెండేళ్ళు కాచుకుని ఉండవలసి వచ్చింది. ఇది గురువుగారి అనుమానం అనుకునేరు. ప్రయోగశాలలో దీన్ని మర్యాద అంటారు.

భాస్వరం మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. జీవపదార్థాలలో భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో అమెరికాలో ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి తయారు చేసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఎన్నో దేశాల విద్యార్థులు ఆ పద్ధతిని ఆయన పేరుతోనే నేర్చుకున్నారు.

ఇక మీ వంతు. మీషెర్ చేసినటువంటి పనిని మీరు మీ వంటింట్లో చెయ్యవచ్చు. చీము అక్కరలేదు, అరటిపండు చాలు. కాని అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకోవాలి. ఎందుకంటే ఇందులో స్పిరిటు వాడాలి. అది భగ్గున మండే వస్తువు. పొయ్యి ఆర్పి, గాలి ఆడే చోట కూచుని చెయ్యండి. ఇందులో వాడినదేదీ నోట పెట్టగూడదు.

మందుల షాపులో సర్జికల్ స్పిరిటు దొరుకుతుంది. సీసా మూత బిగించి, మంచుముక్కలు వేసిన నీళ్ళ గిన్నెలో అరగంట నిలబెట్టండి. స్పిరిటు బాగా చల్లబడాలి. ఒక గిన్నెలో అరకప్పు నీళ్ళు పోసి, ఒక చెంచాడు ఉప్పు వేసి కరిగించండి. అందులో అంట్లు తోమే ద్రవపు సబ్బు రెండు చెంచాలు పోసి నెమ్మదిగా కలపండి. నురగ రాకూడదు. ఈ సబ్బునీళ్ళను రెండు గ్లాసుల్లో సమంగా పోయండి. గ్లాసులు గాజువైతే మంచిది.

మొదటి గ్లాసులో, బాగా మెదిపిన సగం అరటిపండు వెయ్యండి. రెండవ గ్లాసులో ఏమీ వెయ్యకండి. "ఏమీ వెయ్యనిదానికి ఆ గ్లాసు దేనికి?" అని మీ తమ్ముడు అడుగుతాడు. అడగనివ్వండి.

అరటిపండు గ్లాసును పది నిమిషాలపాటు నెమ్మదిగా కలుపుతూ ఉండండి. తరవాత పలచని గుడ్డలో వడగట్టండి. గుడ్డను పిండవద్దు, దానంతట అది కారనివ్వండి. రెండవ గ్లాసులో నీళ్ళను కూడా అటువంటి గుడ్డలోనే వడగట్టండి. అందులో ఏమీ లేకపోయినా సరే! ఇప్పుడు చల్లని స్పిరిటును రెండు గ్లాసుల్లోనూ, గ్లాసును కాస్త వంచి, అంచు వెంబడి చాలా మెల్లిగా పోయండి. ఎన్ని నీళ్ళున్నాయో అంత స్పిరిటు పొయ్యాలి. అది నూనెలాగా పైన తేలి నిలుస్తుంది. ఇంక కదపకండి.

అయిదు నిమిషాలయ్యేసరికి, మొదటి గ్లాసులో నీళ్ళూ స్పిరిటూ కలిసేచోట తెల్లని పోగులు పైకి లేస్తాయి. దూదిని నీళ్ళలో తడిపి వదిలినట్టుంటుంది. పళ్ళు కుట్టుకునే పుల్లతో మెల్లిగా తిప్పితే పుల్లకు చుట్టుకుంటుంది. అదే అరటిపండు డి.ఎన్.ఏ.

ఎలా వచ్చింది? ప్రతి కణానికీ చుట్టూ కొవ్వుపదార్థంతో చేసిన పొర ఉంటుంది. నేతి గిన్నె జిడ్డును వదలగొట్టినట్టే సబ్బు ఆ పొరను చెదరగొడుతుంది. లోపలి దారాలు నీళ్ళలోకి వస్తాయి. వాటి మీద ఋణ విద్యుత్తు ఉండటం వల్ల అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. ఉప్పు వాటి నెట్టుకులాటను మాన్పుతుంది. స్పిరిటులో ఈ దారం కరగదు గనక, లక్షలాది దారాలు ఒకచోట ముద్ద కట్టి మన కంటికి కనబడతాయి. ఒక్క దారాన్ని మాత్రం ఏ కన్నూ చూడలేదు.

ఉన్నమాట చెప్పాలంటే, ఆ తెల్లని ముద్ద అంతా డి.ఎన్.ఏ. కాదు. పండులోని జిగురు పదార్థాలు కూడా దానితో చేరి ఉంటాయి. సరే, కనీసం అది అరటిపండులోంచే వచ్చిందని మీకెలా తెలుసు? సబ్బూ స్పిరిటూ కలిసి విరిగిన ముద్ద అయితే? గుడ్డలోని నూలుపోగులయితే?

ఇప్పుడు మీ తమ్ముణ్ణి రెండవ గ్లాసు చూడమనండి. అందులోనూ అదే సబ్బు, అదే ఉప్పు, అదే స్పిరిటు ఉన్నాయి. గుడ్డ కూడా అటువంటిదే. అరటిపండు ఒక్కటే లేదు. అందులో కాస్త మసక కనిపిస్తే కనిపించవచ్చుగాని, తెల్లని పోగులు లేవకూడదు. లేవకపోతే, మొదటి గ్లాసులోవి పండులోంచి వచ్చినవే. రెండవ గ్లాసులో కూడా పోగులు లేచాయనుకోండి, మీ ప్రయోగం ఏమీ రుజువు చెయ్యలేదన్నమాట. మళ్ళీ మొదటికి రావాలి. చూశారా, ఏమీ వెయ్యని గ్లాసుకు ఎంత పని ఉన్నదో!

ఇక పెద్ద ప్రయోగశాలకు పోదాం. అక్కడ ఈ విద్య నేర్చుకోవటానికి కొత్తగా వచ్చిన విద్యార్థికి మొదటిరోజున ఏమిస్తారు? పిపెట్ అనే కొలత సాధనం ఒకటి, ఉత్త నీళ్ళు కొన్ని ఇస్తారు. పిపెట్ చూడటానికి లావుపాటి కలం లాగుంటుంది. పైన బొటనవేలితో నొక్కే మీట, కింద ప్లాస్టిక్ మొన ఉంటాయి. మీటను మొదటి అడ్డు దాకా నొక్కి, మొనను నీళ్ళలో ముంచి, వేలిని నెమ్మదిగా వదిలితే కోరినంత నీరే లోపలికి వస్తుంది. రెండవ అడ్డు దాకా నొక్కితే మొత్తం బయటికి పోతుంది. తొందరపడి వేలిని టక్కున వదిలితే గాలి చేరి కొలత తప్పుతుంది.

కొలత అంటే ఎంత? మైక్రోలీటర్లలో. చుక్కలమందు పోసే గొట్టంతో ఒక నీటిచుక్క వదలండి. దాన్ని 50 సమభాగాలు చేస్తే ఒక్కొక్క భాగం దాదాపు ఒక మైక్రోలీటరు. విద్యార్థి తాను సరిగా కొలిచిందీ లేనిదీ తెలుసుకునేందుకు ఆ నీళ్ళను సున్నితమైన త్రాసులో తూస్తాడు. 1000 మైక్రోలీటర్ల నీరు 1 గ్రాము తూగాలి, 100 అయితే గ్రాములో పదోవంతు. పదిసార్లు పోసి పదిసార్లు తూచి, పది అంకెలూ దగ్గర దగ్గరగా వచ్చేదాకా అతన్ని నీళ్ళు తప్ప మరేమీ ముట్టుకోనివ్వరు. మీరు కూడా ఇంట్లో చూడవచ్చు. దగ్గుమందు సీసాతో వచ్చే 5 మిల్లీలీటర్ల మూత నిండటానికి ఎన్ని చుక్కలు పడతాయో లెక్కపెట్టండి. సుమారు నూరు పడతాయి. మూడుసార్లు లెక్కపెట్టి, మూడు లెక్కలూ ఒకటవుతాయేమో చూడండి. అవవు. గొట్టాన్ని నిటారుగా పట్టుకుని చేస్తే ఒకరకం, వంచి పట్టుకుంటే ఇంకొకరకం.

ఈ సాధనం రాకపూర్వం ఏం చేసేవారో తెలుసా? గాజుగొట్టం ఒక కొస ద్రవంలో ముంచి, రెండవ కొస నోట్లో పెట్టుకుని పీల్చేవారు! లోపల ఉన్నది ఆమ్లమైనా సరే, రోగక్రిములైనా సరే. కాస్త ఎక్కువ పీలిస్తే ఇక చెప్పేదేమున్నది? 1957లో మార్బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ అవస్థకు విసిగి, బొటనవేలితో నొక్కే పిపెట్‌ను తయారు చేశాడు. ఎన్నో గొప్ప విషయాలు కనుక్కోవటానికి సాయపడిన ఈ మనిషి పేరు చాలామంది శాస్త్రజ్ఞులకే తెలియదు.

చదువుకున్న పెద్దవాళ్ళు కూడా ఇలా మొదటి నుంచీ నేర్చుకోవటం కొత్త కాదు. అమెరికాలో న్యూయార్కుకు దగ్గర సముద్రం ఒడ్డున కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అనే చోట 1945 వేసవిలో మాక్స్ డెల్‌బ్రూక్ అనే ఆయన ఒక చిన్న బడి పెట్టాడు. ఆయన అసలు భౌతిక శాస్త్రజ్ఞుడు. బాక్టీరియాలను తినే వైరస్‌లతో ఎలా పని చెయ్యాలో ఆ బడిలో నేర్పేవారు. పరమాణు శక్తికి దారి చూపినవారిలో ఒకడైన లియో జిలార్డ్ అంతటివాడు 1947లో అక్కడికి వచ్చి, విద్యార్థులతోపాటు బల్ల దగ్గర నిలబడ్డాడు. పళ్ళెంలో బాక్టీరియా మసకతెర లాగా పెరుగుతుంది. ఒక్కొక్క వైరస్ పడ్డచోట ఆ తెరకు గుండ్రని చిల్లు పడుతుంది. చిల్లులు లెక్కపెడితే, కంటికి కనబడని వైరస్‌లను లెక్కపెట్టినట్టే! ఇటువంటి ప్రయోగంలో వైరస్ వెయ్యని పళ్ళెం కూడా ఒకటి పక్కన ఉంచుతారు. దానికి చిల్లులు పడకూడదు. మీ తమ్ముడికి ఈపాటికి కారణం తెలిసే ఉంటుంది.

పిపెట్ పట్టటం వచ్చిన విద్యార్థి ఇక దారాన్ని పెంచటం నేర్చుకుంటాడు. నేరస్థలంలో దొరికే డి.ఎన్.ఏ. రవ్వంత. దాన్ని పరీక్ష చెయ్యాలంటే ఇంకా ఎక్కువ కావాలి. 1983లో కాలిఫోర్నియాలో కారీ ముల్లిస్ అనే అతను రాత్రివేళ కారు నడుపుకుంటూ పోతుండగా దీనికి ఉపాయం తట్టింది. డి.ఎన్.ఏ. దారం రెండు పేటల తాడు. దాన్ని 95 డిగ్రీల దాకా వేడిచేస్తే పేటలు విడిపోతాయి. కాస్త చల్లార్చి, 72 డిగ్రీల దగ్గర ఉంచితే, ఒక ఎంజైము ఒక్కొక్క పేట పక్కనా రెండవ పేటను అల్లుతుంది. ఒక తాడు రెండు తాళ్ళయింది. మళ్ళీ వేడి, మళ్ళీ చల్లార్పు. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. చదరంగం గళ్ళలో వడ్లగింజలు పెట్టమన్న కథ మీరు విన్నదే. 30 సార్లు అయ్యేసరికి ఒక్క తాడు 107 కోట్లకు పైగా తాళ్ళవుతుంది! దీన్ని పి.సి.ఆర్. అంటారు. 1993లో ముల్లిస్‌కు నోబెల్ బహుమానం వచ్చింది.

మొదట్లో ఒక చిక్కు ఉండేది. వేడిచేసిన ప్రతిసారీ ఎంజైము చచ్చేది. పక్కనే కూచుని ప్రతిసారీ కొత్త ఎంజైము వెయ్యవలసి వచ్చేది. అమెరికాలోని యెల్లోస్టోన్ అడవుల్లో కుతకుతలాడే వేడినీటి బుగ్గలున్నాయి. అంత వేడిలో ఏ ప్రాణీ బతకదనుకునేవారు. టామస్ బ్రాక్ అనే ఆచార్యుడూ, హడ్సన్ ఫ్రీజ్ అనే ఆయన శిష్యుడూ ఆ బుగ్గల్లో హాయిగా బతుకుతున్న ఒక బాక్టీరియాను పట్టుకుని, 1969లో దాన్ని గురించి ప్రకటించారు. దాన్ని పట్టుకున్నప్పుడు ఫ్రీజ్ ఇంకా కాలేజీ విద్యార్థి. ఆ బాక్టీరియాలోని ఎంజైము మరిగే వేడికి కూడా చావదు. అది వచ్చాక పి.సి.ఆర్. పని యంత్రానికి అప్పగించి మనిషి టీ తాగి రావటానికి వీలైంది.

పెంచిన డి.ఎన్.ఏ.ను చూడటం ఎలా? సముద్రపు నాచు నుంచి తీసిన అగరోజు అనే పొడిని మరిగించి, పళ్ళెంలో పోసి, జున్ను లాగా పేరనిస్తారు. పేరేముందు దానిలో ఒక దువ్వెన నిలబెడతారు. పేరుకున్నాక దువ్వెన తీస్తే వరసగా చిన్న గుంటలుంటాయి. రంగునీరు కలిపిన డి.ఎన్.ఏ.ను పిపెట్‌తో ఒక్కొక్క గుంటలో వదలాలి. కొత్తవాళ్ళ చెయ్యి వణికి పిపెట్ మొన గుంట అడుగును పొడుస్తుంది. డి.ఎన్.ఏ. కాస్తా జున్ను కిందికి పోతుంది. పిపెట్ పట్టిన చేతికి రెండవ చేతిని ఊతగా పెట్టుకోవటం అప్పుడు నేర్చుకుంటారు. విద్యుత్తు పెడితే, ఋణ విద్యుత్తు గల దారాలు ధన ధ్రువం వైపు పరుగు తీస్తాయి. జున్నులోని సందుల్లో చిన్న ముక్కలు చురుగ్గా దూరిపోతాయి, పెద్దవి వెనకబడతాయి. సంతలో జనం మధ్యనుంచి పిల్లలు జారిపోయినట్టు! ఆ తరవాత ప్రత్యేకమైన రంగు వేసి, అతినీల లోహిత కిరణాల కింద చూస్తే, ముక్కలు చేరిన చోట్ల పట్టీలు మెరుస్తాయి.

ఇందులో ఒక గుంట మాత్రం ఖాళీగా ఉండాలి. అందులోకి వెళ్ళేది నీళ్ళ గొట్టంలోది. ప్రతి పి.సి.ఆర్.లోనూ డి.ఎన్.ఏ.కు బదులు ఉత్త నీళ్ళు పోసిన గొట్టం ఒకటి ఉంటుంది. మిగతా మందులన్నీ దానికీ పోస్తారు, యంత్రంలో దాన్ని కూడా తిప్పుతారు. ఎందుకంటే, ఒక్క తాడును 107 కోట్లు చేసే విద్య, విద్యార్థి తుమ్మిన తుంపరలోని తాడును కూడా 107 కోట్లు చేస్తుంది. దానికి మంచి తాడు, చెడ్డ తాడు అనే భేదం లేదు. నీళ్ళ గొట్టం తాలూకు గుంట కింద పట్టీ మెరిసిందంటే, ఆ రోజు చేసిన పనంతా పారబొయ్యవలసిందే. మిగతా పట్టీలు ఎంత అందంగా వచ్చినా సరే.

మరి ముఖం లేని స్త్రీ సంగతి? పట్టుకున్నారా ఆమెను?

2009లో ఫ్రాన్సులో ఒక మగమనిషి ఎవరో తేల్చటానికి అతని పాత వేలిముద్రల కాగితాన్ని పరీక్ష చేశారు. దాని మీద కూడా ఆ స్త్రీ జాడే వచ్చింది. మగవాడు తానే ఆ స్త్రీ ఎలా అవుతాడు? మరొక పుల్లతో మళ్ళీ పరీక్ష చేస్తే ఆమె జాడ మాయమయింది! అప్పుడు అందరికీ బుద్ధి తట్టింది. డి.ఎన్.ఏ.ను తుడిచి తీసుకోవటానికి, కొసకు దూది చుట్టిన పుల్లలు వాడతారు. ఆ జాడ నేరస్థలాల్లోది కాదు, పుల్లల మీదిది. ఆ పుల్లలు తయారైన చోట పని చేసే ఒక స్త్రీ డి.ఎన్.ఏ. వాటికి అంటుకున్నది. పాపం, ఆమె ఎవరినీ చంపలేదు, ఏమీ దొంగిలించలేదు. తన పని తాను చేసుకున్నది. పుల్లలను క్రిములు లేకుండా శుద్ధి చేసిన మాట నిజమే. కాని క్రిములను చంపే శుద్ధి డి.ఎన్.ఏ.ను పోగొట్టదు. బవేరియా పోలీసులు పుల్లలు మరొకచోట కొనేవారు. అంతే రహస్యం!

పెట్టె విప్పి, ఏ వస్తువునూ తుడవని ఉత్త పుల్లను ఒకదాన్ని తీసి, అన్నిటితోపాటు పరీక్ష చేసి ఉంటే, ఆ జాడ దాని మీదనే కనబడి ఉండేది. ఏళ్ళ తరబడి వందలాది పోలీసులు లేని మనిషిని వెతికారు. హైల్‌బ్రోన్‌లో ఆ అమ్మాయిని చంపినవాళ్ళు ఎవరో 2011 దాకా బయటపడలేదు. ఇటువంటి వస్తువుల మీద మనుషుల డి.ఎన్.ఏ. లేకుండా చూడటానికి 2016లో ఒక అంతర్జాతీయ ప్రమాణాన్ని ఏర్పాటు చేశారు.

మన దేశంలో ఈ విద్యకు పెద్ద చిరునామా హైదరాబాదు. అక్కడి సి.సి.ఎం.బి. అనే పరిశోధనశాలలో లాల్జీ సింగ్ 1988లో, మనుషులను డి.ఎన్.ఏ.ను బట్టి గుర్తించటానికి స్వదేశీ పద్ధతి తయారు చేశాడు. అందులో ఆయన వాడిన డి.ఎన్.ఏ. ముక్క మొదట దొరికింది ఎక్కడనుకున్నారు? నలుపూ పసుపూ పట్టీలు గల ఒక కట్లపాము జాతిలో! పాములలో ఆడా మగా తేడా ఎలా వస్తుందో చూస్తూ ఆయన మొదలుపెట్టిన పని, తప్పిపోయిన పిల్లల తల్లిదండ్రులను తేల్చటానికి పనికివచ్చింది. సి.సి.ఎం.బి. వాళ్ళు సెప్టెంబరు చివర తలుపులు తెరిచి, బడిపిల్లలను లోపలికి రానిస్తూ వచ్చారు. వీలయితే మీ మాస్టరుగారిని అడిగి వెళ్ళండి. బల్ల మీద వరసగా నిలబెట్టిన గొట్టాలు కనబడితే, వాటిలో నీళ్ళ గొట్టం ఏదని అక్కడివాళ్ళను అడగండి. సంతోషంగా చూపిస్తారు.

ఈలోగా ఇంట్లో అరటిపండు ఒక్కదానితోనే ఆగనక్కరలేదు. ఉల్లిపాయ, బొప్పాయి, టమాటా కూడా ప్రయత్నించండి. దేనిలో పోగులు ఎక్కువ వచ్చాయో, స్పిరిటు చల్లగా లేకపోతే ఏమయిందో తారీఖు వేసి పుస్తకంలో రాసుకోండి. ప్రతిసారీ రెండు గ్లాసులూ పెట్టండి. రెండవ గ్లాసులో ఏమీ రాకపోతే, ఏమీ రాలేదని కూడా రాయండి.